సర్టిఫికెట్టా, అనుభవమా? అడిగేది ఎవరో చూడాలి

మా వెల్గటూర్ దిక్కు బోరు మోటార్ కాలిపోతే, వైండింగ్ చేసే మనిషిని ఎవరూ సర్టిఫికెట్ అడగరు. పోయినసారి ఆయన కట్టిన మోటార్ ఆగకుండా నడిచిందా లేదా, అదొక్కటే చూస్తరు. అదే మనిషి సౌదీకి పోవాలంటే లెక్క మారుతుంది. అక్కడి కంపెనీకి మన ఊరు తెలియదు, ఆయన బాగుచేసిన మోటార్లు తెలియవు. వాళ్లకు ఒక కాగితం కావాలి.

హాస్టల్లో మనం "సర్టిఫికేషన్ గొప్పదా, ఎక్స్‌పీరియన్స్ గొప్పదా" అని గంటలకొద్దీ వాదించుకుంటాం. నా ఆలోచన ఏందంటే, ఈ రెండూ పోటీదారులు కావు. మన పని చూసినవాళ్లకు అనుభవమే చాలు. చూడనివాళ్లకు రుజువు కావాలి. అయితే ఆ రుజువు వెనక నిజంగా పని ఉండాలి.

గల్ఫ్ దారి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లలో చాలామంది పని చేసిచేసి నేర్చుకున్నవాళ్లే. చేతిలో పని ఉంటుంది, కాగితం ఉండదు. సౌదీ ప్రభుత్వం 2021లో స్కిల్ వెరిఫికేషన్ ప్రోగ్రాం మొదలుపెట్టింది. దాని ప్రకారం ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ లాంటి పనులకు పోయేవాళ్లు ముందే పరీక్ష పాసై చూపించాలి. మన దేశంలో 2015లో వచ్చిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో కూడా ఇలాంటి దారి ఒకటి ఉంది. ఇప్పటికే పని వచ్చినవాళ్ల నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్ అంటారు. అంటే అనుభవాన్నే కాగితం మీదికి ఎక్కించడం.

వెల్డర్ కాగితానికి గడువు

ఆయిల్, గ్యాస్ పైపులైన్ల పనిలో వెల్డర్లను చాలాచోట్ల ఏఎస్ఎంఈ సెక్షన్ 9 ప్రకారం పరీక్షిస్తారు. 6జీ అనే టెస్టులో పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. వెల్డర్ దాని చుట్టూ తానే తిరిగి వెల్డింగ్ చేయాలి. తర్వాత ఆ అతుకును వంచి గానీ, ఎక్స్-రే తీసి గానీ చూస్తారు. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. పాసైన వెల్డర్ 6 నెలలపాటు ఆ పద్ధతిలో వెల్డింగ్ చేయకపోతే ఆ అర్హత చెల్లదు. కాగితం బతకాలంటే చెయ్యి ఆడుతూ ఉండాలి.

సింగరేణిలో రెండూ కావాలి

బొగ్గు గనుల్లో ఈ వాదనకు చట్టమే తీర్పు చెప్పింది. గనిలో సర్దార్, ఓవర్‌మన్, మేనేజర్ కావాలంటే సమర్థతా సర్టిఫికెట్ తప్పనిసరి. ఆ పరీక్షలు డీజీఎంఎస్ ఆధ్వర్యంలో జరుగుతాయి. మైనింగ్‌లో బీటెక్ చేసినా సరే, గనిలో నిర్ణీత కాలం పని చేసి, పరీక్ష పాసైతేనే మేనేజర్ సర్టిఫికెట్ వస్తుంది. కారణం తెలిసిందే. మీథేన్ పేరుకుపోయిన చోట ఒకరు తప్పు చేస్తే షిఫ్టు మొత్తానికి ప్రమాదం. పుస్తకం చదివినవాడికి పైకప్పు ఎప్పుడు కూలుతుందో పసిగట్టే అలవాటు ఉండదు. పని మాత్రమే తెలిసినవాడికి తన గనిలో ఎప్పుడూ ఎదురవ్వని ప్రమాదం తెలియకపోవచ్చు. అందుకే రెండూ అడుగుతారు.

మన సంగతి

ఇక అమీర్‌పేట వైపు చూద్దాం. ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్ష ఫీజు 150 డాలర్లు, సిస్కో సీసీఎన్ఏకు 300 డాలర్లు. రెండింటికీ గడువు 3 సంవత్సరాలే. ఇవి రాయడానికి ముందు ఉద్యోగం చేసి ఉండాలన్న నియమం లేదు. కాబట్టి డంప్స్ బట్టీ కొట్టి పాసయ్యేవాళ్లూ ఉంటారు. ఇంటర్వ్యూలో "నువ్వు కట్టిన నెట్‌వర్క్‌లో ఒక లింకు పడిపోతే ఏం చేసినవ్?" అని అడిగితే డంప్స్ ఆదుకోవు.

పెద్ద సర్టిఫికేషన్లు దీన్ని ముందే ఊహించాయి. పీఎంపీ రాయాలంటే నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకు కూడా 36 నెలల ప్రాజెక్టు అనుభవం ఉండాలి. సైబర్ సెక్యూరిటీలో సీఐఎస్ఎస్‌పీకి 5 సంవత్సరాల పని అనుభవం అడుగుతారు. డిగ్రీ ఉంటే అందులో ఒక ఏడాది తగ్గుతుంది. రెడ్ హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్ఏలో అనుభవం అడగరు గానీ, ఆప్షన్లు టిక్ పెట్టడం కూడా ఉండదు. ఇచ్చిన లినక్స్ మెషిన్ మీద పని చేసి చూపించాల్సిందే.

మరి అనుభవం అడుగుతున్నారని దొంగ అనుభవం కొనుక్కోవచ్చా? కొన్ని కన్సల్టెన్సీలు అదే అమ్ముతున్నాయి. మనలో చాలామంది ఇంట్లో అప్పు చేసి చదువుతున్నవాళ్లం, ఆశ పుట్టడం సహజమే. కానీ 2014 నుంచి పీఎఫ్‌కు యూఏఎన్ నంబర్ ఉంది. ఏ కంపెనీలో ఏ నెల నుంచి ఏ నెల దాకా పీఎఫ్ పడిందో అందులో కనిపిస్తుంది. చేరిన తర్వాత వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోతుంది, ఇంట్లో చేసిన అప్పు మాత్రం మిగులుతుంది.

ఏం చేద్దాం?

ఫీజు కట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. నాకు కావాల్సిన ఉద్యోగాల ప్రకటనల్లో ఈ సర్టిఫికెట్ పేరు నిజంగా కనిపిస్తుందా? ఈ పరీక్ష నాతో పని చేయిస్తుందా, జవాబులే అడుగుతుందా? పాసైన 6 నెలల తర్వాత కూడా నేను ఆ పని చేస్తూ ఉంటానా? మూడింటికీ "లేదు" అని వస్తే ఆ డబ్బు దాచుకోవడమే మేలు.

అనుభవం ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్లకు ఒక దారి: ప్రభుత్వ నాట్స్ పథకం కింద బీటెక్, డిప్లొమా అయినవాళ్లు ఒక ఏడాది అప్రెంటిస్‌గా చేరొచ్చు. నెలనెలా స్టైఫండ్ వస్తుంది. చివర్లో ప్రభుత్వ సర్టిఫికెట్ ఇస్తారు, దాన్ని ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌లో పని అనుభవంగా నమోదు చేసుకోవచ్చు. ఫైనల్ ఇయర్‌లో ఉన్నవాళ్లు నాట్స్ పోర్టల్‌ను ఈ వారమే ఒకసారి చూడండి. అక్కడ కాగితం, పని రెండూ ఒకే ఏడాదిలో దొరుకుతాయి.