యెరికో ఊటయు, మన యింటి ఉప్పును

పాఠ్యభాగము: 2 రాజులు 2:19–22. దానితోకూడ దానియేలు 1వ అధ్యాయమును, 1 రాజులు 3, 11 అధ్యాయములను చదువుకొనవలెను.

యెరికో పట్టణస్థులు ఎలీషాతో మొరపెట్టుకొనిన సంగతి మనకు తెలిసినదే. ఊరున్న చోటు మంచిదే. నీళ్లు చెడ్డవి, భూమి నిస్సారమైనది. ఈ కడపటి మాటకు హెబ్రీ మూలములో వాడిన ధాతువు బిడ్డలను పోగొట్టుకొనుటకును వాడబడునది. కావున పంట పండకపోవుటయేగాక గర్భములు నిలువకపోవుటయు ఆ మొరలో ఇమిడియున్నదని పండితులలో కొందరు తలంచుదురు. ప్రవక్త క్రొత్త పాత్రలో ఉప్పు తెప్పించి, నీరు పుట్టుచోటనే దానిని వేసెను.

నేడు శాస్త్రజ్ఞులలో కొందరు మనుష్యుని పుట్టుకయను ఊటనే మార్చి, తెలివైన బిడ్డలను కనవచ్చునని చెప్పుచున్నారు. 2018 నవంబరులో చైనా దేశపు హె జియాంక్వి అనునతడు, తాను జన్యువులు మార్చిన పిండములనుండి కవల ఆడుబిడ్డలు పుట్టిరని ప్రకటించెను. ఆ మార్పు ఎయిడ్స్ వైరసు సోకకుండుటకే గాని తెలివికొరకు చేసినది కాదు. అయినను 2019 డిసెంబరులో అతనికి మూడేండ్ల చెరసాల శిక్ష పడెను. తెలివికి జన్యువు ఒక్కటి కాదు; వేలకొలది జన్యువులు కొంచెము కొంచెముగా దానిలో పాలుపొందుచున్నవి. అందుచేత అమెరికాలోని కొన్ని కంపెనీలు మార్చుట మాని, అనేక పిండములను పరీక్షించి ఒకదానిని ఏరుకొనవచ్చునని ధనవంతులను ఆకర్షించుచున్నవి. 2019లో ఒక పరిశోధక బృందము లెక్కకట్టగా, దానివలన కలుగు లాభము సగటున ఐ.క్యూ. కొలతలో రెండున్నర పాయింట్లు మాత్రమే.

ఇక ఉప్పు సంగతి చూతము. గర్భమందలి శిశువుయొక్క మెదడు పెరుగుటకు థైరాయిడ్ గ్రంథి రసము కావలెను. ఆ రసము తయారగుటకు అయొడిన్ కావలెను. పెద్దవారికి దినమునకు 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250 చాలును. ఆవగింజలో లవలేశమైనను కాదు. ఆ లేశము తీవ్రముగా లోపించినచోట గర్భస్రావములును, చెవుడును, గొంతువాపును, బుద్ధిమాంద్యమును కలుగును. అట్టి ప్రాంతముల పిల్లలను కొరతలేని ప్రాంతముల పిల్లలతో పోల్చిన అధ్యయనములలో పన్నెండు, పదమూడు పాయింట్ల భేదము కనబడినది. కోట్ల ధనముగలవారి ప్రయోగశాల రెండున్నర, పేదవాని ఉప్పు పన్నెండు!

ఈ మేలులో మన తెలుగువానికి గొప్ప పాలున్నది. 1921లో శ్రీకాకుళములో జన్మించి, విశాఖపట్నపు ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు 1956 మొదలు హిమాలయపు కాంగ్రా లోయలో తమ సహచరులతో కలిసి, అయొడిన్ చేర్చిన ఉప్పుతో గొంతువాపు తగ్గుటను నిరూపించిరి. 1962లో ప్రభుత్వము జాతీయ కార్యక్రమమును ప్రారంభించెను. మన యువజనులలో ఎందరికి ఆయన పేరు తెలియునో!

కొండలలోను, వరదలు పారు నేలలలోను అయొడిన్ నీటితో కొట్టుకొనిపోవుచుండును. భద్రాచలమువద్ద గోదావరి 1986లో 75.6 అడుగులును, 2022 జూలైలో 71.3 అడుగులును వచ్చినది. సముద్రపు చేపలు మనకు దూరము. కాబట్టి దుమ్ముగూడెము, చర్ల ప్రాంతములందలి మన కుటుంబములు నేలలో పండినదానినే నమ్ముకొనరాదు.

తెలివిని దేవుని వాక్యము చులకన చేయలేదు. దానియేలును అతని స్నేహితులును తిన్న తిండి సంగతి వ్రాసి, వారి జ్ఞానము దేవుడిచ్చినదని గ్రంథము చెప్పుచున్నది. సొలొమోనుకంటె తెలివిగలవాడెవడు? అట్టివాని హృదయమే వృద్ధాప్యములో తొలగిపోయెను. ఇంతకన్న మనలను కలవరపెట్టవలసినది ఏరుకొనుట అను మాట. ఒకదానిని ఏరుకొనుటయనగా తక్కినవాటిని పారవేయుటయే. ఎలీషా యెరికోలో ఎవరిని ఏరెను? ఊరంతయు త్రాగు నీటినే బాగుచేసెను. గర్భమందు అయొడిన్ చాలక పుట్టిన బిడ్డకు తరువాత ఎంత ఉప్పు పెట్టినను ఆ లోటు పూర్తిగా తీరదు. ఆ బిడ్డకు మన ఆదివారపు బడిలో ముందు వరుసలో చోటుండవలెను. బాప్తిస్మపు తొట్టియొద్ద మనము ఎవరి తెలివిని పరీక్షించితిమి?

స్త్రీల మైత్రి సహోదరీలు ఈ నెల సంతకు పోయినప్పుడు ఉప్పు పొట్లముపై నవ్వు సూర్యుని గురుతు చూచి కొనవలెను. విడిగా అమ్ము గళ్ల ఉప్పైనచో, ఆశా కార్యకర్తయొద్ద పరీక్షించు మందు ఉండినయెడల ఒక చుక్క వేయించవలెను. అయొడిన్ ఉన్న ఉప్పు నీలివర్ణమగును. ఉప్పును మూతగల పాత్రలో, పొయ్యికిని తడికిని దూరముగా ఉంచవలెను. కూర దించిన తరువాత వేయుట మేలు. రక్తపోటుగలవారు ఎక్కువ తినవలెనని దీని భావము కాదు. తిను కొద్ది ఉప్పే అయొడిన్ గలదై యుండవలెను. తాను గర్భవతినని తల్లి యెరుగకమునుపే శిశువు మెదడు రూపము దాల్చనారంభించును గనుక, క్రొత్తగా పెండ్లియైన కోడండ్రున్న యిండ్లకు మొదట వెళ్లి ఈ సంగతి చెప్పవలెను.