రెండో సంతకం



నీ ఉత్తరం అందింది. డల్లాస్‌లో ఉన్న మీ చిన్నాయన 2026 నవంబర్‌లో గవర్నర్‌తో పాటు కంప్ట్రోలర్‌కు కూడా ఓటు వేయాలని చెప్పాడని, ఖజానా లెక్కలు చూసే మనిషిని జనమే ఎన్నుకునే పద్ధతి మనకెందుకు లేదని అడిగినవ్. ఉద్యోగమంతా సబ్ ట్రెజరీలో చేసినోణ్ని కాబట్టి ఈ ప్రశ్న నా మీదికే వస్తుందని తెలుసు.

ముందు మన ఊరి సంగతే చూడు. 2023 నవంబర్ 30న మర్కూక్ ఓటరు గజ్వేల్ ఎమ్మెల్యే కోసం మీట నొక్కినప్పుడు ఆ యంత్రం మీద ఇద్దరు పాత ఆర్థిక మంత్రుల పేర్లున్నయి. ఈటల రాజేందర్ 2014లో తెలంగాణకు మొదటి ఆర్థిక మంత్రి. కేసీఆర్ ముఖ్యమంత్రిగా ఉంటూనే ఆ శాఖను తన దగ్గర పెట్టుకొని 2019 ఫిబ్రవరిలో ఓటాన్ అకౌంట్ బడ్జెట్ తానే చదివిండు. పక్కనే సిద్దిపేటలో పోటీ చేసిన హరీశ్ రావు అప్పటికి పదవిలో ఉన్న ఆర్థిక మంత్రి. ఇంతమంది లెక్కల పెద్దలు ఒక్క జిల్లాలో నిలబడ్డా, బడ్జెట్ ఎవరు బాగా నడిపిన్రని చూసి ఓటేసినోళ్లు నాకైతే కనపడలేదు. కేసీఆర్ 45,031 ఓట్ల ఆధిక్యంతో గెలిచిండు. ప్రభుత్వం మారింది, ఆర్థిక శాఖ మధిర ఎమ్మెల్యే భట్టి విక్రమార్కకు పోయింది. మనం ఎమ్మెల్యేను ఎన్నుకుంటం, శాఖను ముఖ్యమంత్రి పంచుతడు. అసెంబ్లీకి పోటీ చేయకున్నా నడుస్తది. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో రోశయ్య గారు శాసనమండలి సభ్యుడిగా ఉండే ఆర్థిక మంత్రి అయిన్రు.

మీ చిన్నాయన ఉండే టెక్సాస్ కథ వేరు. అక్కడి కంప్ట్రోలర్‌ను రాష్ట్రమంతా ఓటేసి నాలుగేండ్లకు ఎన్నుకుంటది. పన్నులు వసూలు చేసుడు ఒక్కటే ఆయన పని అనుకోకు. 1942లో వాళ్లు రాజ్యాంగంలోకి ఒక సవరణ తెచ్చుకున్నరు. శాసనసభ పాస్ చేసిన ఖర్చుకు సరిపడా ఆదాయం వస్తదని కంప్ట్రోలర్ ధ్రువీకరించాలె. లేదంటే బిల్లు వెనక్కి పోతది. దాన్ని దాటాలంటే అత్యవసరమని చెప్పి సభల్లో అయిదింట నాలుగొంతుల మంది ఒప్పుకోవాలె. 2003లో కెరోల్ స్ట్రేహార్న్ అనే కంప్ట్రోలర్, లెక్క సుమారు 18 కోట్ల 60 లక్షల డాలర్లు తక్కువ పడుతుందని బడ్జెట్‌నే ఆపింది. గవర్నర్ రిక్ పెర్రీది ఆమె పార్టీయే. గవర్నర్ కొన్ని ఖర్చులు కొట్టేసినంక గానీ ఆమె సరే అనలేదు.

అయితే పూర్తిగా మురిసిపోకు. అదే స్ట్రేహార్న్ 2006లో అదే పెర్రీ మీద గవర్నర్ పదవికి పోటీ చేసింది. ఓట్లతో వచ్చిన కుర్చీకి పై కుర్చీ మీద కన్నుంటది. ఆ ఆపుడులో లెక్క ఎంత, రాజకీయం ఎంత అని అప్పుడే అడిగినోళ్లున్నరు. ఇంకో ముచ్చట నాకు మరీ ఇష్టం. అదే రాష్ట్రంలో కంప్ట్రోలర్ కాక ట్రెజరర్ అని ఇంకో ఎన్నికైన పదవి ఉండేది. మార్తా వైట్‌హెడ్ అనే ఆమె 1994లో, 'నన్ను గెలిపిస్తే ఈ పదవినే రద్దు చేయిస్త' అని పోటీ చేసి గెలిచింది. 1995 నవంబర్‌లో జనం సవరణకు ఓటేసిన్రు, 1996 సెప్టెంబర్‌లో ఆ ఆఫీసుకు తాళం పడింది. తన కుర్చీ దండుగ అని ఓట్లడిగిన నాయకులు మన దగ్గర దొరుకుతరా?

కాబట్టి ఎన్నుకునుడా, నియమించుడా అన్నది నాకు రెండో ప్రశ్న. పైసలు పోకముందు ఆగుమనే అధికారం ఎవరికుంది అన్నది మొదటిది.

మన రాష్ట్రంలో ఆదాయం అంచనా వేసేది, ఖర్చు రాసేది ఒకే ఆఫీసు. 2023-24కు హరీశ్ రావు 2,90,396 కోట్ల బడ్జెట్ పెట్టిండు. ఏడాది తిరిగేసరికి సవరించిన అంచనా 2,24,625 కోట్లకు దిగింది. అరవై అయిదు వేల కోట్లు కాగితం మీదనే ఆరిపోయినయి. కొత్త ప్రభుత్వం నిగ్రహం చూపిందా అంటే, 2024-25కు 2,91,159 కోట్లు రాసి, సవరణలో తనూ తగ్గించుకుంది. అప్పు సంగతి ఇంకా గమ్మత్తు. 2023 డిసెంబర్‌లో సభలో పెట్టిన శ్వేతపత్రం 6,71,757 కోట్లు అన్నది. బీఆర్‌ఎస్ 'స్వేదపత్రం' అని ఎదురు పత్రం తెచ్చి, అందులో సగం లోపే అన్నది. కార్పొరేషన్లు తెచ్చిన అప్పులు, సర్కారు ఇచ్చిన పూచీకత్తులు ఏ ఖాతాలో వేయాలన్నదే గొడవ. ఈ లెక్క ఇదీ అని పైసలు పోకముందే తేల్చే మనిషి మన ఏర్పాటులో లేడు.

తరవాత చెప్పేటోడు మాత్రం ఉన్నడు. మన కొండపోచమ్మ సాగర్‌నే తీసుకో. 2020 మే 29న మర్కూక్ పంప్‌హౌస్‌లో మోటార్లు తిరిగి నీళ్లు పడ్డయి. 15 టీఎంసీల జలాశయం. బైలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి దాని కింద పోయినయి. ఇది కాళేశ్వరం ప్రాజెక్టులో భాగం. ఆ ప్రాజెక్టు మొత్తం మీద కాగ్, అంటే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, ఇచ్చిన నివేదిక అసెంబ్లీకి వచ్చింది 2024 ఫిబ్రవరిలో. మొదట 81,911 కోట్లు అన్న ప్రాజెక్టు 1,47,427 కోట్లు దాటొచ్చని అందులో ఉంది. కాగ్‌ను రాష్ట్రపతి నియమిస్తడు, ఆరేండ్లు గానీ అరవై అయిదేండ్ల వయసు గానీ ఏది ముందైతే అప్పటిదాకా. సుప్రీంకోర్టు జడ్జిని తీసేసినంత కష్టం ఆయన్ను తీసేయాలంటే. ఓట్ల భయం లేదు కాబట్టి నిర్మొహమాటంగా రాస్తడు. కానీ రాసేసరికి చెరువు నిండి, ఊర్లు మునిగి, అప్పుకు వడ్డీ నడుస్తుంటది.

ఇగ నీ ప్రశ్నకు నా జవాబు. మనకు అలాంటి ఎన్నిక అసలు లేదనకు. గ్రామ పంచాయతీలో ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకం కూడా పెట్టింది. సర్పంచ్‌లు అప్పట్లో గట్టిగానే మొత్తుకున్నరు. ఉప సర్పంచ్‌ను ఊరు నేరుగా ఎన్నుకోదు. గెలిచిన వార్డు సభ్యులు తమలో ఒకర్ని ఎన్నుకుంటరు. 2025 డిసెంబర్‌లో మూడు విడతల్లో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో అందరి కన్ను సర్పంచ్ మీదనే. నీ వార్డు సభ్యుడికి నువ్వు వేసిన ఓటు ఊరి పైసల మీద రెండో సంతకం ఎవరిదో తేల్చే ఓటని నీకు ఎవరన్నా చెప్పిన్రా?

నా ఉద్యోగం చివర్లో ఒక ఉప సర్పంచమ్మ మా కౌంటర్ దగ్గరికొచ్చింది. ఊరి పేరు చెప్పను. వీధి దీపాల బిల్లు చెక్కు సంచిలో ఉంది, సంతకం పెట్టలేదు. "మా ఊళ్ల స్తంభాలు నేను తిరిగి లెక్కపెట్టుకొచ్చిన సారూ. బిల్లుల ఉన్నన్ని లేవు. పెట్టకుంటే నా మీద కేసైతదా?" అని అడిగింది. కాదమ్మా, ఎందుకు పెట్టలేదో తీర్మానం పుస్తకంలో రాయించు అన్నం. టెక్సాస్ కంప్ట్రోలర్ చేసిన పని ఇదే, సైజు తేడా. ఇట్లాంటోళ్లు తక్కువ, అది నిజం. ఎక్కువ ఊర్లలో ఉప సర్పంచ్ అదే ప్యానెల్ మనిషి, చెక్కు కనపడంగనే కలం తీస్తడు. కొన్నిచోట్ల ఎదుటి వర్గపోడు దొరికిండంటే ప్రతి సంతకానికీ బేరమే. పోనీ ఇద్దరూ నిజాయితీగా పెట్టినా, ట్రెజరీలో ఆంక్షలుంటే బిల్లు కదలదు. 2019 నుంచి 2024 దాకా చేసిన సర్పంచ్‌లు అప్పు తెచ్చి పనులు చేసి, పెండింగ్ బిల్లుల కోసం ధర్నాలు చేసింది నువ్వు చూసినవ్.

పరీక్షల కోసం 202వ అధికరణం, 266వ అధికరణం కంఠతా పట్టు, వద్దనను. దాంతో పాటు రెండు పనులు చెయ్. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని చట్టంలో ఉంది. వచ్చే సభకు పో, జమాఖర్చులు చదవమని అడుగు, కొలతల పుస్తకం ఎంబీలో ఏం కొలిచిన్రో ఒక్క పనికన్నా చూడు. అదయినంక 2025-26 బడ్జెట్ పుస్తకం దించుకో. అందులో 2023-24 వాస్తవ లెక్కల గడి ఉంటది. మొదట చెప్పిన 2,90,396 కోట్ల పక్కన దాన్ని రాసి, ఏ శాఖకు ఎంత కోత పడిందో పట్టిక చేసి పంపు. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది పంపుత.

మీ తాత,
మర్కూక్