అంగడిలో పాట, కొనువాని పైకము

పట్టణములలోని పెద్ద అంగళ్లలో అడుగుపెట్టినవారికి ఎక్కడినుండియో మెల్లని సంగీతము వినవచ్చుచుండును. అది వినోదము కొరకే యని పలువురు తలతురు. కాని ఈ పాటకును కొనువాని పైకమునకును గల సంబంధమును శాస్త్రజ్ఞులు అంగళ్లలోనే పరీక్షించి చూచిరి. క్రొత్త దుకాణములు వెలయుచున్న గ్రామములలో పంచాయతీ సభ్యులు దీనిని తెలిసికొనుట అవసరము.

అమెరికాలో రొనాల్డ్ మిల్లిమన్ అను ఆచార్యుడు ఒక సూపర్ మార్కెట్టులో కొన్ని దినములు విలంబగతిలోను, కొన్ని దినములు ద్రుతగతిలోను వాద్యసంగీతమును వినిపింపజేసెను. ఫలితములు 1982లో ప్రకటింపబడినవి. అంగడిలో రెండు గుర్తుల నడుమ నడచుటకు ద్రుతగతి దినములలో సగటున 109 సెకండ్లు పట్టగా, విలంబగతి దినములలో సుమారు 128 సెకండ్లు పట్టెను. ద్రుతగతి దినములకంటె విలంబగతి దినములలో అమ్మకము నూటికి 38 వంతున హెచ్చెను. నిలిచిన కొలది కన్ను మరియొక సరకుపై పడును. ఉప్పుకొరకు సంతకు పోయి గాజులతో తిరిగివచ్చుట మనకు క్రొత్త గాదు గదా!

ఇంగ్లండులో జరిగిన పరీక్ష మరింత విచిత్రమైనది. అచట ఒక సూపర్ మార్కెట్టులో ఫ్రెంచి, జర్మను ద్రాక్షసారాయి సీసాలను ప్రక్కప్రక్కన ఉంచి, ఒకనాడు ఫ్రెంచి సంగీతమును, మరియొకనాడు జర్మను సంగీతమును వినిపించిరి. (సరకు మద్యమైనను, పరీక్షయే మనకు ముఖ్యము.) ఫ్రెంచి సంగీతము మ్రోగిన దినములలో ఫ్రెంచి సీసాలు 40 అమ్ముడుపోగా జర్మనువి 8 మాత్రమే పోయెను. జర్మను సంగీతము మ్రోగిన దినములలో జర్మనువి 22, ఫ్రెంచివి 12 పోయెను. 1997లో ఈ వివరములు వెలువడినవి. తమ ఎంపికకు పాటయే కారణమని ఒప్పుకొన్న కొనుగోలుదారులు బహు కొద్దిమంది. తనకు తెలియకయే చేయి సంచిలోనికి పోవుటయే ఇందలి చిక్కు. ఇంటివద్దనే కావలసిన సరకుల పట్టీ వ్రాసికొని పోవువారిపై పాట ప్రభావము కొంత తగ్గగలదు.

అట్లని శబ్దము పెంచిన కొలది లాభము పెరుగునని మన వర్తకులు కొందరు అంగడి ముందు పెద్ద పెద్ద సౌండు బాక్సులు నిలుపుట పొరపాటు. 1966లో అమెరికాలో ప్రకటింపబడిన వేరొక పరీక్షలో, సంగీతము బిగ్గరగా మ్రోగినపుడు జనులు అంగడిలో తక్కువసేపు నిలిచిరి. అమ్మకములో చెప్పదగిన తేడా కనబడలేదు. వర్తకునకు లాభము లేదు. ప్రక్కనున్న బడిపిల్లలకు పాఠము వినబడదు. మహిళా సంఘములవారు నడుపు దుకాణములలో లోపల తక్కువ ధ్వనిలో ఒక రేడియో చాలును.

2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములను సభ్యులు ఎరిగియుండవలెను. లౌడుస్పీకరు వాడుటకు నిర్దేశింపబడిన అధికారి వ్రాతమూలకమైన అనుమతి కావలెను. నిశ్శబ్ద ప్రాంతములుగా ప్రకటింపబడిన ఆసుపత్రి, పాఠశాల, న్యాయస్థానముల చుట్టును 100 మీటర్లవరకు సంగీతము మ్రోగించుట శిక్షార్హము. సంత ఆశీళ్ల వేలము జరుగు సమయముననే ఈ నిబంధనలను వేలముదారునకు చదివి వినిపించి, సౌండు బాక్సులు ఎటువైపు ఉండవలెనో, ఎంత దూరమున నుండవలెనో తీర్మానములో వ్రాయించుట మంచిది.