చేతులు పలుకు సంతోషము

ఆనందము కలిగినపుడు మానవుని ఒడలు ఊరకుండజాలదు. మేను గగుర్పొడుచుట, గొంతు గద్గదమగుట, కన్నీరు క్రమ్ముట మొదలగు ఎనిమిదింటిని నాట్యశాస్త్రము సాత్త్వికభావములుగా లెక్కించినది. అయినను ఆటిజము గల బిడ్డల శరీరము పలుకు సంతోషమును మాత్రము మనము అల్లరియనియో, దురలవాటనియో భ్రమపడుచున్నాము. ఈ పొరపాటు మేమును చేసినవారమే కావున, తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

మా తరగతిలోని ఒక బాలుడు, పైకప్పు రేకులపై వానచినుకులు మ్రోగినప్పుడెల్ల, రెండు చేతులను పక్షి రెక్కలవలె వేగముగా ఆడించుచు, మునివ్రేళ్లపై గంతులు వేయుచు, సన్నని దీర్ఘస్వరము తీయుచుండెడివాడు. ముఖమున చిరునవ్వు కానవచ్చెడిది కాదు. "చేతులు కట్టుకొని కూర్చుండుము" అని మేము గద్దించితిమి. అతడు కట్టుకొనెను. అటుపిమ్మట వాన వచ్చినను కిటికీ వంక చూచుట మానివేసెను. మేము ఆపినది అల్లరిని కాదు, సంతోషమును అని ఆలస్యముగా తెలిసికొంటిమి.

ఆటిజము అంటువ్యాధి కాదు. పెంపకములోని లోపమును కాదు. అది మెదడు ఎదుగుదలలోని భేదము. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది బిడ్డలను గూర్చి ప్రసిద్ధమైన వ్యాసమును ప్రకటించెను. గిరగిర తిరుగు వస్తువులను చూచి అట్టి బిడ్డలు పరమానందముతో ఎగిరి గంతులు వేయుట అందే వర్ణింపబడినది. చేతులాడించుట, ముందువెనుకలకు ఊగుట, గుండ్రముగా తిరుగుట, కన్నుల యెదుట వ్రేళ్లు కదల్చుట, ఒకే ధ్వనిని మరల మరల పలుకుట మొదలగు వానికి నేడు స్టిమ్మింగ్ అని పేరు.

ఈ కదలికలను అణచుటయే చికిత్స యని పలువురు నిపుణులు చిరకాలము తలచిరి. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో, ఆటిజము గల 32 మంది పెద్దలను ప్రశ్నింపగా, పొంగివచ్చు భావమును అదుపున నుంచుకొనుటకు ఇవి తమకు తోడ్పడునని వారు చెప్పిరి. వీనిని మాన్పించు చికిత్సలను వారు అంగీకరింపలేదు. తానును ఆటిజము గలవాడైన డేమియన్ మిల్టన్ అను బ్రిటిషు పండితుడు 2012లో, అర్థము చేసికొనలేకపోవుట ఒక పక్షమువారి లోపము కాదనియు, ఇరుపక్షముల నడుమ నుండు అంతరమనియు వాదించెను.

అయితే అదే కదలిక భయమునందును, బాధయందును కలుగవచ్చును. కావున చేతులను మాత్రమే చూడరాదు. కదలికకు ముందేమి జరిగినది? కంఠస్వర మెట్లున్నది? బిడ్డ ఆ వస్తువు వైపునకు పోవుచున్నాడా, చెవులు మూసికొని తొలగిపోవుచున్నాడా? వీనిని గమనింపవలయును. తల గోడకు కొట్టుకొనుట, చేయి కొరుకుకొనుట వంటివి జరిగినచో ఉపేక్షింపక, పంటినొప్పియో కడుపునొప్పియో కలదేమో యని వైద్యునకు చూపవలయును. చేతులాడించు ప్రతి బిడ్డకును ఆటిజము ఉన్నట్లు కాదు. సంతసమున చేతులాడించు పసివారు అనేకులు గలరు. ఆటిజము గలవారందరును ఇట్లు చేయుదురనియు తలపరాదు.

మరియొక మాట. ఇట్టి బిడ్డలున్న ఇంట తెలుగు మాని, బడిభాష యొక్కటే పలుకుడని కొందరు సలహా యిత్తురు. రెండు భాషలు వినుట వలన వీరి భాషాభివృద్ధికి హాని కలుగునని పరిశోధనలు చూపలేదు. బిడ్డ గంతు వేసినపుడు "వాన వచ్చిందిరా నాన్నా!" అని తల్లి తన పలుకుతో ఆ సంతోషమునకు పేరు పెట్టినచో, అదియే ఉత్తమమైన పాఠము. పరభాషల నడుమ మన పలుకును నిలుపుకొన్న మనకు, ఒకని పలుకు ఇతరులకు అర్థము కానంత మాత్రమున అది పలుకు కాకపోదని వేరుగ చెప్పవలయునా?

తల్లిదండ్రులారా! మీ బిడ్డ ఏ కదలికతో సంతోషమును, ఏ కదలికతో బాధను తెలుపునో ఒక కాగితముపై వ్రాసి ఉపాధ్యాయునకు ఇండు. బిడ్డ నోరు విప్పి చెప్పలేని దినమున ఆ కాగితమే అతని పక్షమున మాటలాడును. మా తరగతిలో ఆ బాలునకు ఇప్పుడు కిటికీ ప్రక్కనే చోటు ఇచ్చితిమి. మొన్నటి వానకు అతని చేతులు మరల పైకి లేచినవి. మేము పాఠము ఒక నిమిషము ఆపితిమి.