కోడిపిల్లలకు వెచ్చదనము

పెరటి కోళ్ల పెంపకము మన గ్రామములలో పేద కుటుంబములకు, ముఖ్యముగా స్త్రీలకు, చేతిలో నాలుగు రూకలు ఆడునట్లు చేయు ఉపవృత్తి. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి రకములు నేడు అనేక పల్లెలకు చేరినవి. కాని ఇరువది పిల్లలను కొని తెచ్చిన ఇల్లాలికి వారము తిరుగకమునుపే ఏడెనిమిది చచ్చినచో, ఆమె పెట్టుబడితోపాటు ఉత్సాహము కూడ పోవును. చనిపోయినవానిని చూచి తెగులు తగిలినదని తలచుట పరిపాటి. తెగులు ఉండవచ్చును, కాని తొలి దినములలో చలి చేయు నష్టము తక్కువది కాదు.

తల్లి లేని పిల్లలు

అప్పుడే పుట్టిన పిల్లకు మెత్తని నూగు మాత్రమే ఉండును. ఈకలు వచ్చువరకు తన శరీరమునందలి వేడిని అది నిలుపుకొనజాలదు. ఊరి కోడి పొదిగిన పిల్లలను తల్లి తన రెక్కల క్రింద దాచుకొనును. యంత్రములో పొదిగిన పిల్లలకు ఆ తల్లి లేదు. కనుక తల్లి చేయు పనిని మనమే చేయవలెను.

మొదటి వారము పిల్లలున్న చోట సుమారు 95 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడి ఉండవలెను. ఆపై వారమునకు 5 డిగ్రీల ఫారన్‌హీటు చొప్పున తగ్గించుకొని రావలెను. ఈకలు నిండిన పిమ్మట, వాతావరణమును బట్టి, ఈ ఏర్పాటును మానవచ్చును.

ఏర్పాటు చేయు విధము

పొడిగానున్న గదిలో రెండంగుళముల మందమున వరి ఊక పరచవలెను. దాని చుట్టు అడుగున్నర ఎత్తున అట్టతోగాని, వెదురు తడికతోగాని గుండ్రముగా దడి కట్టవలెను. మూలలున్నచో చలికి పిల్లలు అందు గుమిగూడి, ఒకదానిపై ఒకటి పడి ఊపిరాడక చచ్చును. దడి నడుమ, నేలకు అడుగున్నర ఎత్తున బల్బు వ్రేలాడదీయవలెను. పిల్ల ఒక్కింటికి ఒకటి రెండు వాట్ల లెక్క చాలును. నేడు ఇండ్లలో వాడు ఎల్.ఇ.డి. బల్బులు వెలుతురునిచ్చునేగాని తగిన వేడినీయవు. పాత రకపు తీగ బల్బులే ఇందుకు పనికివచ్చును.

పిల్లల నడవడియే థర్మామీటరు

వేడి సరిపోయినదో లేదో పిల్లలే చెప్పును. బల్బు క్రింద ముద్దగా చేరి కీచుకీచుమని అరచినచో చలి ఎక్కువైనదని అర్థము, బల్బును దించవలెను. దూరముగా పోయి, రెక్కలు చాచి, నోరు తెరచి రొప్పుచున్నచో వేడి మించినది, బల్బును ఎత్తవలెను. అంతటను చెదరి మేత తినుచు, నీరు త్రాగుచు ఉన్నచో సుఖముగా నున్నవని గ్రహింపవచ్చును. చలి పెరుగునది తెల్లవారుజామున గనుక, ఆ వేళ ఒకమారు లేచి చూచుట అవసరము.

వెచ్చదనము కొరకు గదిని బిగించి మూయరాదు. గోనెపట్టాలు క్రిందుగా కట్టి, పైభాగమున గాలి ఆడనీయవలెను. ఊక తడిసినచో తీసివేసి పొడి ఊక వేయవలెను; తడి ఊక నుండి వెలువడు ఘాటు వాయువు పిల్లల కండ్లకును, ఊపిరికిని చెరుపు. కరెంటు పోయినప్పుడు మూసిన గదిలో బొగ్గు కుంపటి పెట్టుట మిక్కిలి ప్రమాదకరము. దాని విషవాయువు పిల్లలకే గాక మనుష్యులకును ప్రాణాంతకము. ఊక అంటుకొను భయమును కలదు. వేడినీటి కుండకు మూత గట్టిగా బిగించి, గోనె చుట్టి దడి నడుమ ఉంచుట మేలు.

పంచాయతీ సభ్యుల పాత్ర

ప్రతి ఇంటను ఈ ఏర్పాటు చేయుట అందరికి సాధ్యము కాదు. ఊరిలో పది కుటుంబములు పిల్లలను తెచ్చుకొనునప్పుడు, కరెంటు ఉన్న ఒక శుభ్రమైన గదిని పంచాయతీ చూపినచో, అన్నింటిని అచట ఆరు వారములు కలిపి పెంచి, ఈకలు వచ్చిన పిమ్మట పెరటికి పంచుకొనవచ్చును. రాత్రి కావలి వంతులవారీగా పంచుకొన్నచో ఏ ఒక్కరికి భారము కాదు. టీకాల విషయమున పశువైద్యుని సలహా ముందుగానే పొందవలెను.

పిల్లలు ఊరికి వచ్చిన తరువాత గదికై వెదకుట కంటె, గదిని వెచ్చజేసి ఉంచి పిల్లలను రప్పించుట వివేకము. ఈ చిన్న ఏర్పాటును మన సభ్యులు శ్రద్ధతో చేసినచో పేద ఇల్లాలి పెట్టుబడి చలి పాలు కాక నిలుచును.