తుంటి కీలు నొప్పి: ఇంటివారు తెలుసుకోవలసినవి

మీ పిల్లవాడు "మోకాలు నొస్తుంది" అంటూ కుంటుతున్నాడా? మోకాలికి ఎంత నూనె రాసినా తగ్గడం లేదా? ఒకసారి తుంటిని కూడా డాక్టరుకు చూపించండి. తుంటి కీలు వాస్తే నొప్పి గజ్జల్లోనో, తొడలోనో, ఒక్కోసారి కేవలం మోకాలిలోనో తెలుస్తుంది. ఈ కీలు కండరాల కింద లోతుగా ఉంటుంది కాబట్టి పైకి వాపు కనబడదు.

మూడు నుండి పదేళ్ళ పిల్లలకు జలుబు చేసిన కొద్ది రోజులకు తుంటి వాచి కుంటడం తరచుగా చూస్తాము. విశ్రాంతి ఇస్తే ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది. అయినా డాక్టరు చూసి చెప్పాలి. ఎందుకంటే బాగా జ్వరం ఉండి, కాలు కింద మోపలేక, కాస్త కదిలించినా ఏడుస్తుంటే కీలులో చీము పట్టి ఉండవచ్చు. అలాంటి బిడ్డను ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. చీము కొద్ది రోజుల్లోనే కీలును తినేస్తుంది. పసరు కట్టు కట్టి రెండు రోజులు చూద్దామని ఆగకండి. వాతలు అసలే పెట్టించవద్దు.

నొప్పి నెలల తరబడి మెల్లగా పెరుగుతూ, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలో ఏడ్చి లేవడం ఉంటే తుంటికి క్షయ సోకిందేమో పరీక్ష చేయించాలి. దగ్గు లేకపోయినా క్షయ ఉండవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. ఎముకల క్షయకు మందులు ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం వాడాలి. నొప్పి పోగానే మానేయకండి.

ఆదిలాబాద్ వైపు గోండు, కొలాం కుటుంబాల్లో సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉంది. ఇందులో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. తుంటి బంతికి రక్తం అందక అది చచ్చి, నలిగిపోతుంది. పడుచు వయసులోనే తుంటి నొప్పి వస్తే రక్తపరీక్ష అడగండి. 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ళలోపు వారికి ఈ పరీక్ష చేస్తున్నారు. ఏళ్ళ తరబడి తాగే సారా, ప్రతి నొప్పికీ వేయించుకునే స్టెరాయిడ్ సూదులు కూడా తుంటి బంతిని ఇలాగే పాడుచేస్తాయి.

పెద్దవారి తుంటి అరిగితే బరువు తగ్గించడం, డాక్టరు నేర్పిన వ్యాయామం రోజూ చేయడం మేలు. గొంతుక్కూర్చోవద్దు; మరుగుదొడ్డికి కుర్చీ వాడండి. బీడీలు చుట్టే అమ్మలు రోజంతా సక్లముక్లం వేసుకోకుండా ఎత్తు పీట మీద కూర్చుని, గంటకోసారి లేచి నడవాలి. చేతికర్ర అంటే చాలామందికి నామోషీ, కాని అది ఎంతో బరువు దించుతుంది. నొప్పి కుడి తుంటిలో ఉంటే కర్ర ఎడమ చేత పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు తెండి. చీటీ లేకపోతే వాడిన సూది మందు సీసా అయినా తెండి.