కరెంటు బండి: అడుగు ముందుకా, వెనక్కా?

మచిలీపట్నం చేపలు విజయవాడ రావాలి. కంకిపాడు కూరగాయలు రైతు బజారుకు చేరాలి. నాట్లు వేసే కూలీలు పొద్దున్నే పొలానికి పోవాలి. వీటన్నిటికీ బండి కావాలి. బండికి పెట్రోలో, డీజిలో కావాలి. డీజిలు ధర పెరిగితే ఆటో చార్జీ ఒక్కటే పెరగదు. వంకాయల ధర పెరుగుతుంది. దుక్కి ఖర్చు పెరుగుతుంది. బండి లేని ఇంటికి కూడా డీజిలు ఖర్చు తప్పదు.

మరి ఈ డీజిలు ఎక్కడ నుంచి వస్తుంది?

భూమి లోపల ముడి చమురు ఉంటుంది. దాన్ని తోడి శుద్ధి చేస్తే పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు వస్తాయి. మన దేశం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటి దేశాలదే. మన సముద్రం అడుగున కూడా చమురు ఉంది. కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలో ఓ.ఎన్.జి.సి. సంస్థ 2024 జనవరిలో కొత్తగా చమురు తీయడం మొదలుపెట్టింది. అయినా అది దేశానికంతటికీ చాలదు.

బయటి చమురు ఓడల్లో వస్తుంది. ఇరాన్, ఒమన్ దేశాల మధ్య హోర్ముజ్ అనే ఇరుకు సముద్ర దారి ఉంది. 2024లో ప్రపంచం వాడిన చమురులో సుమారు అయిదో వంతు ఆ దారినే వెళ్లింది. అటువైపు గొడవ జరిగితే ఇటువైపు ధర కదులుతుంది. 1973లో అరబ్ దేశాలు చమురు తగ్గించాయి. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. మూడుసార్లూ చమురు ధర పైకి పోయింది. యుద్ధం ఎక్కడో జరిగింది. భారం మన ఇంటి మీద పడింది.

అందుకే కరెంటు బండ్ల మాట గట్టిగా వినిపిస్తోంది.

కరెంటు బండికి డీజిలు ట్యాంకు ఉండదు. బ్యాటరీ ఉంటుంది. సెల్‌ఫోనుకు పెట్టినట్టే దీనికీ చార్జింగు పెట్టాలి. బ్యాటరీలోని కరెంటుతో మోటారు తిరుగుతుంది. మోటారు చక్రాన్ని తిప్పుతుంది. పొగ గొట్టం ఉండదు. ఇంజను ఆయిలు మార్చే పని ఉండదు.

అయితే పొగ పూర్తిగా పోయినట్టేనా? కాదు. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో బొగ్గు కాల్చి కరెంటు చేస్తారు. పొగ అక్కడ వస్తుంది. కానీ కరెంటును నీటితో, ఎండతో, గాలితో కూడా చేయవచ్చు. ఈ మూడూ ఓడల్లో రానక్కరలేదు.

కంపెనీలు ఏం చేస్తున్నాయి?

పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ఉంది. ఆ కంపెనీ 2025 జులైలో, ఇక్కడే తయారయిన కరెంటు కారును అమ్మకానికి తెచ్చింది. కృష్ణా జిల్లా బాపులపాడు మండలం మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ కరెంటు బస్సులు కూడా చేయవచ్చు. దానికి శంకుస్థాపన 2018లో జరిగింది. ప్రారంభం 2025 మార్చి 19న జరిగింది. నడుమ ఏడేళ్లు గడిచాయి.

ఫ్యాక్టరీకి ఏళ్లు పడతాయి. ప్రభుత్వ ఉత్తర్వు మారడానికి ఒక్క రోజు చాలు. చిక్కంతా ఇక్కడే ఉంది.

కరెంటు బండి ధర ఎక్కువ. అందుకని కేంద్ర ప్రభుత్వం 2015లో ఫేమ్ అనే పథకం పెట్టింది. 2019లో రెండో విడత మొదలయింది. కరెంటు స్కూటరు ధరలో ప్రభుత్వ సాయం 2021 జూన్‌లో 40 శాతం దాకా పెరిగింది. 2023 జూన్‌లో 15 శాతానికి దిగింది. 2024 మార్చితో ఆ పథకం ముగిసింది. అదే ఏడాది అక్టోబరులో పి.ఎం. ఈ-డ్రైవ్ అనే పథకం వచ్చింది.

పెద్ద దేశాల్లోనూ ఇదే కథ. జర్మనీ 2023 డిసెంబరులో సాయం ఆపేసింది. మరుసటి ఏడు అక్కడ కరెంటు కార్ల అమ్మకం పడిపోయింది. అమెరికాలో 7,500 డాలర్ల దాకా ఉన్న సాయం 2025 సెప్టెంబరు 30తో ఆగింది. ఆ డిసెంబరులో ఫోర్డు కంపెనీ కొన్ని కరెంటు బండ్లను మానుకుంది.

నార్వే దేశం మాత్రం ఏళ్ల తరబడి పన్నుల తగ్గింపు ఇస్తూ వచ్చింది. 2024లో అక్కడ అమ్మిన కొత్త కార్లలో నూటికి దాదాపు 89 కరెంటువే. విచిత్రం ఏమిటంటే నార్వే చమురు అమ్మే దేశం!

డెల్టా రైతుకు ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. ప్రకాశం బ్యారేజి నుంచి కాలువకు నీళ్లు వస్తాయని నారు పోస్తాడు. నీళ్లు రాకపోతే నారు ముదిరిపోతుంది. మరుసటి ఏడు నారు పోయడానికి జంకుతాడు. కంపెనీలూ అంతే. మాట నిలబడుతుందంటేనే పెట్టుబడి పెడతాయి.

ఈ మార్పు పనివాళ్లనూ తాకుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఎందరో ఇంజను పనితో బతుకుతున్నారు. కరెంటు బండిలో ఆ ఇంజనే ఉండదు. వాళ్లు మోటారు పని, బ్యాటరీ పని నేర్చుకోవాలి. నేర్పేవాళ్లు కావాలి.

ఇక ఇంటి లెక్క. ఒక వదిన, ఆమె ఆడపడుచు పొదుపు సంఘంలో ఇలా మాట్లాడుకున్నారు.

“మీ అన్నయ్య కరెంటు ఆటో కొంటానంటున్నాడమ్మాయ్. సంఘంలో అప్పు తీసుకోమంటున్నాడు.”

“ముందు లెక్క చూద్దాం వదినా. డీజిలు ఆటో రోజుకు 100 కిలోమీటర్లు తిరిగిందనుకో. లీటరుకు 25 కిలోమీటర్లు వస్తే ఎన్ని లీటర్లు?”

“నాలుగు. లీటరు వంద అనుకుంటే నాలుగొందలు.”

“కరెంటు ఆటోకు 10 యూనిట్లు అనుకో. యూనిట్టు 8 రూపాయలు.”

“ఎనభై! అయితే రోజుకు 320 మిగులుతుందే!”

“అంతా మిగలదు వదినా. కొన్నేళ్లకు బ్యాటరీ మార్చాలి. దానికి రోజుకు 100 పక్కన పెట్టు.”

“ఇంక 220. నెలకు 25 రోజులు తిరిగితే 5,500.”

“అప్పు కంతు 5,500 దాటిందంటే పైది మన చేతి నుంచి కట్టాలి. ఇంకోటి ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఆటో ఎక్కేవాళ్లు తగ్గి 50 కిలోమీటర్లే తిరిగితే?”

వదిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత పలక తీసి లెక్క మళ్లీ మొదలుపెట్టింది.

కరెంటు బండి మంచిదా, చెడ్డదా అని ఒక్క మాటలో చెప్పలేం. ఎంత దూరం తిరుగుతుంది, కంతు ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది. సంతకం పెట్టే ముందు ఇవి అడగండి:

1. బ్యాటరీకి వారంటీ ఎన్నేళ్లు? ఎన్ని కిలోమీటర్లు?
2. కొత్త బ్యాటరీ ధర ఎంత?
3. రిపేరు చేసేవాళ్లు దగ్గర్లో ఉన్నారా?
4. ప్రభుత్వ సాయం ఈ రోజున ఉందా? ధరలో తగ్గించారా?

జవాబులు కాయితం మీద రాయించుకోండి. ఆ కాయితం మీరే చదవండి.

కొత్త మాటలు
ముడి చమురు: శుద్ధి చేయని నూనె
కంతు: అప్పును విడతలుగా కట్టే సొమ్ము
వారంటీ: వస్తువు పాడైతే బాగుచేసి ఇస్తామనే రాత హామీ

లెక్క చేయండి
ఆటో రోజుకు 50 కిలోమీటర్లే తిరిగితే డీజిలు ఖర్చు ఎంత? కరెంటు ఖర్చు ఎంత? బ్యాటరీకి రోజుకు 50 రూపాయలు దాస్తే 25 రోజుల్లో మిగిలేది ఎంత?

చర్చించండి
మీ ఊరికి ముందు ఏది రావాలి: కరెంటు ఆటోనా, కరెంటు బస్సా? ఎందుకు?